మేడ మీద పాప్‌కార్న్ పంట.. వైజాగ్‌లో అసలు పరీక్ష ఆరబెట్టడమే!

ఆర్కే బీచ్‌లో నిప్పుల మీద కాల్చి ఇచ్చే మొక్కజొన్న పొత్తు గింజల్ని ఎండబెట్టి వేయిస్తే పాప్‌కార్న్ అవుతుందా? అవ్వదు! పాప్‌కార్న్ గింజ రకమే వేరు. చిన్నగా, పెంకు గట్టిగా ఉంటుంది. అందుకే విత్తనం కొనేటప్పుడే అడిగి తీసుకోవాలి.

వైజాగ్‌లో అక్టోబర్, నవంబర్ అంటే తుపాన్ల భయం. 2014 అక్టోబర్ 12న వచ్చిన హుద్‌హుద్‌ను ఎవరు మర్చిపోతారు? కాబట్టి డిసెంబర్‌లో విత్తుకోవడం మేలు. పంట చేతికి రావడానికి దాదాపు 110 రోజులు.

కుండీలన్నీ పిట్టగోడ పక్కన ఒకే వరుసలో పెట్టేస్తారు చాలామంది. అది తప్పు. పుప్పొడి గాలికి ఎగిరి పొత్తు పీచు మీద పడితేనే గింజ కడుతుంది. అందుకే నాలుగు వరుసలుగా, గుంపుగా పెట్టాలి. ఆకు సుడిలో కత్తెర పురుగు కనిపిస్తే చేత్తో ఏరేయండి.

పొత్తుల్ని పచ్చిగా కోయొద్దు. పైపొర ఎండి, గింజలో గోరు దిగనంత గట్టిపడాలి.

ఇక అసలు సంగతి తేమ. గింజలో 13 నుంచి 14 శాతం తేమ ఉంటేనే అది వేడికి ఆవిరై, సుమారు 180 డిగ్రీల దగ్గర పెంకును బద్దలు కొడుతుంది. ఎక్కువైతే సగమే విచ్చుకుంటుంది, తక్కువైతే పేలదు. సముద్రపు గాలితో వచ్చే చిక్కు ఇక్కడే.. పగలు ఆరిన గింజ రాత్రి మేడ మీద ఉంటే మళ్లీ చెమ్మ పీల్చేస్తుంది. పొత్తుల్ని ఇంట్లో ఫ్యాన్ గాలి తగిలేలా వేలాడదీయండి.

వారానికోసారి పది గింజలు వేయించి చూడండి. బాగా పేలాయా? ఆ రోజే ఒలిచి, గాలి చొరబడని డబ్బాలో పోసేయండి. మరీ ఆరిపోతే డబ్బాలో చెంచా నీళ్లు చల్లి, బాగా కుదిపి, రెండు మూడు రోజులు మూత పెట్టి ఉంచితే సరి.