లీకు కనిపెట్టడం, లీకు కొలవడం

సూరత్ నగరానికి పడమరగా, తాపీ నది సముద్రంలో కలిసే ప్రాంతంలో హజీరా ఉంది. అరేబియా సముద్రంలోని దక్షిణ బసీన్ క్షేత్రం నుంచి 200 కిలోమీటర్లకు పైగా సముద్రగర్భంలో వేసిన గొట్టాల ద్వారా సహజవాయువు ఇక్కడి ఓఎన్‌జీసీ కర్మాగారానికి చేరుతుంది. అందులోని హైడ్రోజన్ సల్ఫైడ్, నీటి ఆవిరి వంటివి తొలగించాక, హజీరా–విజయ్‌పూర్–జగదీశ్‌పూర్ పైపులైను దానిని ఉత్తర భారతంలోని ఎరువుల, విద్యుత్ కర్మాగారాలకు చేరవేస్తుంది.

ఇంత వాయువు నడిచే చోట వాల్వులు, ఫ్లాంజీలు, కంప్రెసర్ సీళ్లు ఎన్నో ఉంటాయి. ప్రతి అతుకు దగ్గరా కొంత వాయువు తప్పించుకునే అవకాశం ఉంది. అలా పోయేది ఎంత? ఈ చిన్న ప్రశ్నకు జవాబు చెప్పడం ఎందుకు కష్టమో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఎందుకు కొలవాలి?

సహజవాయువులో ప్రధాన భాగం మీథేన్. దానికి రంగు లేదు, వాసన లేదు. గాలిలో 5 నుంచి 15 శాతం వరకు కలిస్తే నిప్పురవ్వ తగలగానే అంటుకుంటుంది. వాతావరణంలో సుమారు 12 ఏళ్లే నిలుస్తుంది. అయినా 20 ఏళ్ల లెక్కన చూస్తే, అంతే బరువున్న కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 80 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. కాబట్టి లీకును అరికడితే ప్రమాదం తగ్గుతుంది, ఇంధనం మిగులుతుంది, భూతాపమూ తగ్గుతుంది. ఈ ఉద్దేశంతోనే ఓఎన్‌జీసీ 2007లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ నడిపిన నేచురల్ గ్యాస్ స్టార్ అంతర్జాతీయ కార్యక్రమంలో చేరింది.

ఎలా కొలుస్తారు?

అతుకు మీద సబ్బునీళ్లు పూస్తే బుడగలు వస్తాయి. ప్రత్యేకమైన ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలో మీథేన్ పొగలా కనిపిస్తుంది. ఈ రెండూ లీకు ఉందని చెబుతాయే కాని, నిమిషానికి ఎన్ని లీటర్లో చెప్పవు. అందుకు వాడే పరికరం హై ఫ్లో శాంప్లర్. దాని రూపకర్తల్లో ఒకరు, మీథేన్ కొలతలకే ఎన్నో ఏళ్లు వెచ్చించిన అమెరికా శాస్త్రజ్ఞుడు టూషే హోవర్డ్.

ఈ పరికరం లీకవుతున్న వాయువును చుట్టూ ఉన్న గాలితో సహా పీల్చుకుంటుంది. పీల్చిన పరిమాణాన్ని అందులోని మీథేన్ శాతంతో గుణిస్తే లీకు ఎంతో తేలుతుంది. ఉదాహరణకు, నిమిషానికి 200 లీటర్లు పీల్చినప్పుడు అందులో 20 శాతం మీథేన్ ఉంటే, లీకు నిమిషానికి 40 లీటర్లు.

పరికరమే పొరబడితే?

శాతాన్ని చూడడానికి ఇందులో రెండు సెన్సర్లు ఉంటాయి. సుమారు 5 శాతం లోపు ఒకటి పనిచేస్తుంది. ఇది మీథేన్‌ను మండించి, పుట్టిన వేడిని కొలుస్తుంది. అంతకు మించితే రెండోది పని అందుకోవాలి. ఇది వాయువు వేడిని ఎంత బాగా ప్రసరింపజేస్తుందో చూస్తుంది. మార్కెట్లోకి వచ్చిన ఒక నమూనాలో ఈ మార్పిడి కొన్నిసార్లు జరగడం లేదని హోవర్డ్, ఆయన సహచరులు 2015లో ప్రకటించారు. అప్పుడు 20 శాతం ఉన్నచోట 4 శాతమే చూపిందనుకోండి. 40 లీటర్ల లీకు 8 లీటర్లుగా నమోదవుతుంది!

2013లో టెక్సాస్ విశ్వవిద్యాలయ బృందం ప్రచురించిన ప్రసిద్ధ అధ్యయనం కూడా ఇందువల్లే లీకులను తక్కువగా చూపిందని హోవర్డ్ వాదించారు. ఆ బృందం దీనిని అంగీకరించలేదు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఈ లోపం చిన్న లీకులను తాకదు, పెద్దవాటినే దాచేస్తుంది. 2016లో వెలువడిన ఒక విశ్లేషణ ప్రకారం సాధారణంగా 5 శాతం లీకుల నుంచే సగానికి పైగా వాయువు పోతుంది. అంటే ముందుగా బాగుచేయవలసినవే జాబితాలో అడుగున పడిపోతాయి. వాటి పక్కనే పనిచేసే కార్మికుడికి ప్రమాదం తక్కువన్న తప్పుడు ధీమా కూడా కలుగుతుంది.

2018లో సైన్స్ పత్రికలో వచ్చిన మరో అధ్యయనం, వాయుస్థావరాల దగ్గర తీసిన కొలతలను విమానాల నుంచి తీసిన కొలతలతో పోల్చి చూసింది. అమెరికాలో తీసిన వాయువులో 2.3 శాతం గాలిలో కలుస్తోందని, ఇది ప్రభుత్వ అంచనా కంటే సుమారు 60 శాతం ఎక్కువని తేల్చింది.

మనం గ్రహించవలసింది

హజీరా అయినా, గోదావరి తీరమైనా సూత్రం ఒకటే. పరికరాన్ని పనికి ముందూ తరువాతా, శాతం ముందే తెలిసిన వాయువుతో సరిచూడాలి. తక్కువ శాతంతో ఒక్కటే చాలదు, ఎక్కువ శాతంతోనూ చూడాలి. ఒక పద్ధతిలో వచ్చిన అంకెను మరో పద్ధతితో పరీక్షించాలి. నేడు ఉపగ్రహాలూ మీథేన్‌ను పసిగడుతున్నాయి. కాని అవి పట్టేది పెద్ద విడుదలలనే. అతుకు దగ్గర నిలబడి కొలిచే మనిషి అవసరం తీరిపోలేదు.

ఇప్పుడు మీరే ఆలోచించండి: కొలిచిన లీకులన్నీ చిన్నవేనని ఒక నివేదిక చెబితే, సంతోషించే ముందు మీరు అడగవలసిన మొదటి ప్రశ్న ఏమిటి?