వంతెనకు ఈవలి ఇల్లు

1989 అక్టోబరు 17వ తేదీ సాయంకాలం 5 గంటల 4 నిమిషాలకు అమెరికా పశ్చిమ తీరాన ఉన్న శాన్ ఫ్రాన్సిస్కో నగరం కంపించినది. తూర్పు గట్టుననున్న ఓక్లండుతో ఆ నగరాన్ని కలిపే బే బ్రిడ్జిలో పై అంతస్తు ముక్క ఒకటి విరిగి క్రింది అంతస్తుపై కూలినది. ఆ వంతెనపై రాకపోకలు తిరిగి సాగడానికి నెలరోజులు పట్టినది. మెరీనా పేటలో ఇండ్లు అంటుకొన్నవి. భూమిలోని నీటి గొట్టాలు పగిలిపోయినందున మంటలార్పడానికి నీరే కరువైనది. తుదకు 'ఫీనిక్సు' అనే అగ్నిమాపక నౌక సముద్రపు నీటిని తోడి అందించగా, దారిన పోయేవారు కూడ గొట్టాలు మోసి తోడ్పడగా, ఆ మంటలు అణగినవి.

ఆ సాయంకాలాన్ని తలచినప్పుడు ఒక ప్రశ్న పుట్టక మానదు. నగరాన్ని కాపాడవలసిన ఉద్యోగి ఆనాటి విధి ముగించుకొని, వంతెన దాటి, ఆవలి ఊరిలోని తన ఇంటికి చేరుకొని ఉన్నట్లయితే ఏమి కావలె? మూడు వైపుల నీరున్న ఊరు అది. వంతెన తెగిన తరువాత అతనిని పిలిచి ప్రయోజనమేమి?

అతడు ఆవలి గట్టున ఉండడం సరదా కొరకు కాదు. శాన్ ఫ్రాన్సిస్కోలో సామాన్యమైన ఇంటి వెల పది లక్షల డాలర్లు దాటి చాల కాలమైనది. మిగిలినది బ్యాంకు అప్పిచ్చినను, కొనేవాడు ముందుగా తన చేతినుండి కొంత పైకము చెల్లింపవలె. దీనికే డౌన్ పేమెంటు అని పేరు, తొలి రొక్కమనుకొందాము. 1934లో అమెరికా ప్రభుత్వం గృహ ఋణాలకు బీమా కల్పించకముందు తొలి రొక్కం తరచు ఇంటి వెలలో సగందాకా ఉండేది. నూటికి ఇరవై అన్న లెక్క ఆ తరువాత వాడుకలోకి వచ్చినది. పది లక్షల ఇంటికి ఇరవై పాళ్లంటే రెండు లక్షల డాలర్లు. నెలజీతంలో సగం అద్దెకే పోయేవాడు ఆ మొత్తాన్ని ఏ జన్మకు కూడబెట్టగలడు? నెలనెలా వాయిదా కట్టగలిగియు, గడప దాటలేక వెలుపలనే నిలిచిపోయేవారు ఎందరో కలరు.

ఉద్యోగులను ఊరిలోనే ఉండుమని నగరం శాసింపవచ్చును గదా అని అడుగవచ్చును. కొన్ని నగరాలు అట్లే శాసించినవి. ఫిలడెల్ఫియాలో ఒక అగ్నిమాపక ఉద్యోగి పొరుగు రాష్ట్రానికి కాపురం మార్చినందుకు కొలువు పోగొట్టుకొని, సుప్రీం కోర్టుదాకా వెళ్లినాడు. 1976లో ఆ న్యాయస్థానం నగరం పక్షాననే తీర్పు చెప్పినది. కాని శాన్ ఫ్రాన్సిస్కో ఉన్నది కాలిఫోర్నియాలో. అక్కడ 1974లోనే రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించి, ఉద్యోగులు ఊరిలోనే కాపురముండవలెనని నగరాలు నిర్బంధింపరాదన్నారు. తగుమాత్రపు దూరం లోపల ఉండవలెనని మాత్రం అడుగవచ్చును. ఇక నగరానికి మిగిలిన ఉపాయం ఒక్కటే: ఆజ్ఞ చెల్లనిచోట సాయం చూపవలె.

అట్లు వచ్చినదే తొలి రొక్కపు ఋణం. సామాన్య గృహస్థులకు ఒక శాఖ, పోలీసు, అగ్నిమాపక, షెరీఫు శాఖల వారికి మరొకటి, ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయులకు ఇంకొకటి. 2012 నవంబరులో ఓటర్లు ఆమోదించిన గృహనిధి వీనికి బలమిచ్చినది. 2015లో ఆమోదించిన 31 కోట్ల డాలర్ల గృహ ఋణపత్రాలు మరికొంత చేర్చినవి.

ఈ ఋణపు కట్టుబాటు తెలుసుకోదగినది. దీనిపై నెలవారీ వాయిదా లేదు, వడ్డీ లేదు. ఇల్లు అమ్మినప్పుడో, గడువు తీరినప్పుడో తిరిగి చెల్లింపవలె. అప్పుడు అసలుతోపాటు, పెరిగిన వెలలో నగరం వాటా కూడ ఇవ్వవలె. విద్యార్థులు పలకమీద వేసి చూడదగిన లెక్క ఇది. ఇల్లు పది లక్షలు. నగరం ఇచ్చినది రెండు లక్షలు, అనగా ఐదవవంతు. పదేండ్లకు ఆ ఇల్లు పదిహేను లక్షలకు అమ్ముడుపోయినదనుకొందాము. పెరిగినది ఐదు లక్షలు. అందులో ఐదవవంతు ఒక లక్ష. నగరానికి మొత్తం మూడు లక్షలు ముట్టినది. ఆ మూడు లక్షలతో, ఇప్పుడు పదిహేను లక్షలు పలుకుతున్న అదే ఇంటికి, మరొక ఉద్యోగికి మళ్లీ సరిగా ఐదవవంతు సమకూర్పవచ్చును. ఇచ్చిన రెండు లక్షలే తిరిగి వచ్చి ఉంటే ఆ రెండవవానికి ఏడవవంతైనను పూర్తిగా దొరకదు. ధర పెరుగుతున్న ఊరిలో నిధి కరిగిపోకుండ కాపాడుకొనే యుక్తి ఇది.

మన ప్రభుత్వోద్యోగులెరిగిన గృహ నిర్మాణ అడ్వాన్సుకు దీనికి పోలిక లేదు. అక్కడ జీతంలో వాయిదాలు కోసుకొంటారు. ఇంటి వెల ఎంత పెరిగినను సర్కారుకు వాటా లేదు. పూర్వపు రాజులు పండితులకిచ్చిన అగ్రహారాలవంటిదియు కాదు, అవి దానాలు. ఇక్కడ నగరం ఇంటిలో భాగస్వామియై, వాకిట కనబడకుండ కూర్చున్నది.

ఆ భాగస్వామి అందరికి ఇష్టుడు కాడు. కుటుంబం పెరిగి పెద్ద ఇల్లు కావలసినవాడు పాత ఇల్లు అమ్మి, నగరానికి వాటా ఇచ్చి, మిగిలిన సొమ్ముతో ఆ ఊరిలోనే మరొకటి కొనలేక మళ్లీ వంతెన దాటవలసి రావచ్చును. సాయం కోరేవారు మిక్కిలి హెచ్చు గనుక లాటరీ తీయవలసివచ్చినది. చీటీ రానివాని జీతమేమి, సేవయేమి తక్కువ? ఇంతకు మించిన ఆక్షేపణ మరొకటి ఉన్నది. ఒకరికి ఇవ్వదగిన ఋణపు గరిష్ఠ పరిమితి ఒకప్పుడు లక్ష డాలర్లు. అది రెండు లక్షలై, ఆపై 3,75,000 అయి, తరువాత 5 లక్షలు అయినది. క్రొత్త ఇండ్లు కట్టకుండ కొనేవారి చేతిలో డబ్బు పెంచితే, ఆ డబ్బు వెనుక ధర పరుగెత్తుతున్నదో, ధర వెనుక డబ్బు పరుగెత్తుతున్నదో తేల్చడం సులభం కాదు. సాయం పొందేవారు కొద్దిమందే గనుక దానివల్లనే ధరలు పెరిగినవనడం అన్యాయమే. ఆ సాయం ధరలను తగ్గించలేదనడం మాత్రం నిజం.

పంతుళ్ల సంగతి మరికొంత కష్టం. 'టీచర్ నెక్స్ట్ డోర్', అనగా పొరుగింటి పంతులు, అనే పథకం క్రింద వారికి చిన్న ఋణం వేరుగా కలదు. ఏండ్ల తరబడి ఆ పాఠశాలల కొలువులోనే నిలిచినవారికి అది మాఫీ అవుతుంది. కాని తొలి రొక్కం దొరికినంతమాత్రాన పని గట్టెక్కదు. తక్కిన లక్షలకు బ్యాంకు వాయిదా ఉపాధ్యాయుని జీతంలో ఇమడవలె గదా! గడప ఎత్తు తగ్గించినారు సరే, ఇంటి బరువు తగ్గలేదు.

అందువల్లనే కాబోలు, నగరం మరొక త్రోవ కూడ పట్టినది. ఊరికి పడమటి అంచున, సముద్రానికి కొద్ది దూరంలో, పాఠశాలా మండలికే చెందిన ఒక స్థలంలో 135 వాటాల భవనం కట్టించి, ఉపాధ్యాయులు మొదలైన పాఠశాలా సిబ్బందికి ప్రాధాన్యమిచ్చినారు. దానికి పెట్టిన పేరు షర్లీ చిజం. 1968లో అమెరికా కాంగ్రెసుకు ఎన్నికైన మొదటి నల్లజాతి మహిళ ఆమె. రాజకీయాలలోనికి రాకముందు శిశువిద్యాలయంలో పంతులమ్మ. 2024లో అందులో కాపురాలు మొదలైనవి. అక్కడ కొనుగోలు లేదు, తొలి రొక్కం లేదు, అద్దె మాత్రమే. ఉదయం బడికి బయలుదేరే పంతులమ్మ ఏ వంతెనా దాటవలసిన పని లేదు.