కొత్త అమావాస్య నాడు ఫుట్‌బాల్ ఆట

బళ్ళారి నుంచి బెంగళూరుకు రైల్లో పోవాలంటే ఆంధ్రదేశం దాటాలి. కొత్తవాళ్ళకు ఇది వింతగా ఉంటుంది. రెండు ఊళ్ళూ కర్ణాటకలోవే. అయినా మన హంపి ఎక్స్‌ప్రెస్ గుంతకల్లు, అనంతపురం, ధర్మవరం, హిందూపురం చూసుకుని గానీ రాజధాని చేరదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు పోయాయి, బళ్ళారి ఇటు ఉండిపోయింది. రైలుపట్టాలను మాత్రం ఎవరూ పంచుకోలేదు. రాత్రి కన్నడం వింటూ పడుకుంటే తెల్లారి లేచేది మళ్ళీ కన్నడంలోకే. నడుమ తెలుగంతా నిద్రలో గడిచిపోతుంది. మన ఇళ్ళలో పిల్లల తెలుగు కూడా ఇంచుమించు ఇలాగే ఉంది గానీ, అది మరో వ్యాసానికి సరిపడే సంగతి.

2025 మార్చి 28, శుక్రవారం రాత్రి నేనూ మా శ్రీమతీ ఆ బండి ఎక్కాము. మార్చి నెలాఖరున బ్యాంకు ఉద్యోగి ప్రయాణం కట్టడం ఎంత సాహసమో మన సంఘంలోని బ్యాంకు కుటుంబాలకు చెప్పనక్కరలేదు. పైగా ఆ శనివారం నెలలో ఐదోది, అంటే పనిదినం. ఉగాది వచ్చి ఆదివారం కూర్చుంది. సోమవారం 31, లెక్కల ముగింపు. ఒక్క శనివారానికి సెలవు కావాలని అడిగితే మా పై అధికారి నా ముఖం వంక చూసి, "ఒంట్లో బాగానే ఉంది కదా?" అన్నాడు. ఇంట్లో అభ్యంతరం వేరు. అమావాస్య గడియల్లో ప్రయాణమేమిటని మా అత్తగారు పట్టుబట్టారు. రైల్వేవాళ్ళు పంచాంగం చూసి బండ్లు నడపరని ఆమెకు నచ్చజెప్పడం సెలవు సంపాదించడం కంటే కష్టమైంది.

ఇంతా చేసి వెళ్ళింది ఒక స్నేహితుని కోసం. మా బ్రాంచిలో నాకంటే పెద్ద. నేను అన్నా అని పిలుస్తాను, మా ఆవిడకు వాళ్ళావిడ వదిన. పదేళ్ళ కిందట బదిలీ మీద బెంగళూరు వెళ్ళిన మనిషి. "విశ్వావసు వస్తోందప్పా. నేను పుట్టింది దాంట్లోనే. ఈ ఏడే రిటైరు కూడా. పండగకు రాకపోతే ఎట్లా?" అని ఫోను చేశాడు. అరవై ఏళ్ళకొకసారి తిరిగొచ్చే సంవత్సరం, కాదనడానికి నోరు రాలేదు. శనివారం రాత్రి ఫుట్‌బాల్ ఆటకు టిక్కెట్లు కొన్న సంగతి మాత్రం అక్కడికి వెళ్ళాకే చెప్పాడు. కొన్నది అతను కాదు, అతని పన్నెండేళ్ళ మనవడు.

ఫుట్‌బాల్ మనవాళ్ళ ఆట కాదని ఒక అభిప్రాయం ఉంది. నాకూ ఉండేది. కానీ మన దేశం ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ బంగారు పతకం గెలిచింది రెండే సార్లు, 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో. రెండు సార్లూ జట్టును తీర్చిదిద్దినది హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చిన జట్టు కూడా ఆయనదే. అంతెందుకు, మేము చూడబోయే బెంగళూరు జట్టు నాయకుడు సునీల్ ఛెత్రి పుట్టింది సికింద్రాబాదులో.

బళ్ళారికైతే ఆ జట్టుతో ఇంకా దగ్గరి చుట్టరికం. బెంగళూరు ఎఫ్.సి.ని 2013లో స్థాపించింది జె.ఎస్.డబ్ల్యు. సంస్థ. మనకు ముప్పై కిలోమీటర్ల దూరంలో తోరణగల్లు దగ్గర రాత్రింబగళ్ళు మండే ఉక్కు కొలుములు వాళ్ళవే. 2018లో అక్కడే విద్యానగరంలో ఇన్‌స్పైర్ క్రీడా శిక్షణ సంస్థ తెరిచారు. ఈ జట్టు సీజను ముందు శిబిరాలు కొన్ని అక్కడ పెట్టుకుంది. ఇన్నేళ్ళుగా మనం ఆ దారిన హంపికి వెళ్తూ పొగగొట్టాలు చూశామే తప్ప ఆటస్థలం సంగతి ఎరగం.

అన్న ఆ శనివారం కూడా బ్రాంచికి వెళ్ళి సాయంత్రానికి గానీ రాలేదు. ఉద్యోగంలో అతనికది చివరి సంవత్సరాంతపు లెక్క. చొక్కా మార్చుకుని అలాగే బయలుదేరాడు. కబ్బన్ పార్కు మెట్రోలో దిగి నడిచాము. దారి పొడవునా నీలం చొక్కాలే. తాతలు, తల్లులు, చంటిపిల్లలను భుజాన వేసుకున్న తండ్రులు కూడా ఉన్నారు. సినిమాకు పోతున్నట్టే ఉంది గానీ అందరూ ఒకే హీరో అభిమానులు.

శ్రీకంఠీరవ స్టేడియంలో ఒక లోటుంది. మైదానం చుట్టూ పరుగుపందేల బాట ఉండటంతో బంతి దూరంగా కనిపిస్తుంది. టీవీలోనే నయం కదా అన్నాను. కుర్రవాడు నన్ను జాలిగా చూశాడు. "తాతా, బంతిని చూడొద్దు. బంతి లేనివాళ్ళు ఎటు పోతున్నారో చూడు" అన్నాడు. యాభై దాటినా తాత అన్న పిలుపు నాకింకా అలవాటు కాలేదు. కానీ వాడు చెప్పింది నిజం. ఒకడు బంతి తన్నేలోపు ఎనిమిది మంది ఎలా జరుగుతారో, ఎక్కడ ఖాళీ పుడుతుందో టీవీ చూపించదు. కన్నడం, ఇంగ్లీషు తప్ప మాట్లాడని పిల్లవాడు ఆఫ్‌సైడ్ నియమాన్ని నాకు తెలుగులో చెప్పడానికి పడిన పాట్లు చూసి వదిన ముసిముసిగా నవ్వుకుంది.

లీగులో మూడో స్థానం బెంగళూరుది, ఆరో స్థానం ముంబయి సిటీది. ముంబయి అంతకుముందు ఏడాది కప్పు గెలిచిన జట్టు. ఆ రాత్రి ఓడినవాళ్ళు ఇంటికి, గెలిచినవాళ్ళు సెమీఫైనలుకు. రెండో ఆట లేదు. తొమ్మిదో నిమిషంలోనే సురేశ్ సింగ్ గోలు కొట్టాడు. ఈ మణిపురి కుర్రవాడు 2017లో మన దేశంలో జరిగిన పదిహేడేళ్ళలోపు ప్రపంచ కప్పులో ఆడినవాడు. విరామానికి కాస్త ముందు ఎడ్గార్ మెందెజ్ పెనాల్టీతో రెండోది.

విరామంలో అందరూ తినుబండారాలకు వెళ్ళారు. మేమిద్దరమే మిగిలాము. అన్న మైదానం వైపు చూస్తూనే, "బళ్ళారి ఇల్లు అమ్మేసినానప్పా. రిజిస్ట్రేషన్ కూడా అయిపోయింది" అన్నాడు.

నాకు వెంటనే మాట రాలేదు. రిటైరయ్యాక వచ్చి స్థిరపడతానని ఆ ఇంటికి రెండేళ్ళ కిందట కొత్త కిటికీలు పెట్టించిన మనిషి. కారణం అడిగాను. కొడుకూ కోడలూ ఉదయం ఏడింటికే ఉద్యోగాలకు పోతారు. పిల్లవాడికి ఆరింటికి ఫుట్‌బాల్ శిక్షణ. తీసుకెళ్ళేది, తీసుకొచ్చేది, మోకాళ్ళు గీరుకుంటే మందు రాసేది తాతే. "నేను ఊరికొస్తే వీని ఆట నిలిచిపోతుంది. రెండు చోట్లా కాపురం పెట్టేంత పెన్షన్ నాకు రాదు" అన్నాడు. అంతలోనే నవ్వి, "వీడు బాగా ఆడి తోరణగల్లు శిబిరానికి ఎంపికైతే నేనూ వెనకాలే వస్తాలే" అన్నాడు. నేను బ్యాంకువాణ్ణి, అమ్మిన ధర ఎంత అని అడగాల్సింది. అడగలేదు.

రెండో సగం గురించి ఎక్కువ చెప్పను. ర్యాన్ విలియమ్స్ మూడోది కొట్టాడు. 76వ నిమిషంలో ఛెత్రి కొట్టినప్పుడు స్టేడియమంతా లేచింది. నలభై ఏళ్ళ మనిషి, 2024లో అంతర్జాతీయ ఆటకు స్వస్తి చెప్పి ఆ మార్చిలోనే మళ్ళీ దేశం తరఫున దిగినవాడు. మా శ్రీమతి కూడా లేచి చప్పట్లు కొట్టింది. చివరికి పెరేరా దియాజ్ కొట్టినదానితో కలిపి 5–0. పశ్చిమం వైపు గుంపు పాడుతూనే ఉంది. మేము ఇల్లు చేరేసరికి పదకొండు దాటింది.

మర్నాడు ఉగాది. మా వీధి చెట్టు నుంచి కోసి తీసుకెళ్ళిన వేపపువ్వుతో వదిన పచ్చడి చేసింది. ఓళిగలు మా ఆవిడ చేసింది. టీవీలో పంచాంగ శ్రవణం పెట్టారు. ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, అవమానం అని వరసగా చదువుతుంటే, ఇంత చక్కటి ఖాతా పుస్తకం మా హెడ్డాఫీసులో కూడా లేదనిపించింది. తన జన్మ సంవత్సరం పేరు వినిపించగానే అన్న చేతులు జోడించాడు. ఇంటి మాట వదిన దగ్గర ఎవరూ ఎత్తలేదు. రాత్రి బండికి మేము బయలుదేరాము, సోమవారం ఉదయం నేను నా కుర్చీలో ఉన్నాను.

ఆ జట్టు సెమీఫైనల్లో గోవాను దాటి, ఏప్రిల్ 12న కలకత్తాలో మోహన్ బగాన్ చేతిలో అదనపు సమయంలో 2–1 తేడాతో ఓడింది. అంతకంటే పెద్ద దెబ్బ తర్వాత తగిలింది. లీగు నిర్వహణ హక్కుల ఒప్పందం తేలక 2025 జులైలో కొత్త సీజనును ఆపేశారు. ఆగస్టులో బెంగళూరు క్లబ్బు తన ప్రధాన జట్టు జీతాలు నిలిపివేస్తున్నట్టు ప్రకటించింది. 2022లో కప్పు గెలిచిన హైదరాబాదు జట్టయితే ఆర్థిక ఇబ్బందుల్లో పడి 2025లో ఢిల్లీకి తరలిపోయింది. కామర్సు చదివినవాడిగా నాకు తోచేది ఇంతే: టిక్కెట్ల రాబడితో, టీవీ సొమ్ముతో కాక యజమాని జేబుతో నడిచే వ్యాపారానికి ఆట ఎంత బాగున్నా ఆయువు చెప్పలేం.

"జీతం ఇవ్వకపోతే ఛెత్రి ఆడతాడా అని వీడు అడుగుతున్నాడు, నువ్వే చెప్పు" అంటూ అన్న ఒకరోజు ఫోను మనవడికి ఇచ్చాడు. ఆడతాడు, కానీ ఇల్లు గడవాలి కదా అన్నాను. "అయితే నేను బ్యాంకులో కూడా పని చేస్తా" అన్నాడు వాడు, తెలుగులోనే.

దసరా సెలవులకు తాతా మనవడూ బళ్ళారి వచ్చి మా ఇంట్లో దిగారు. సొంత ఊళ్ళో చుట్టంగా దిగడం అన్నకు అదే మొదటిసారి. పాత ఇంటి వీధివైపు వెళ్ళనేలేదు. పొద్దున్నే ఆరింటికి బంతి తీసుకుని ఇద్దరూ దగ్గర్లోని స్కూలు మైదానానికి వెళ్ళారు. ఎనిమిదైనా రాకపోతే కాఫీ ఫ్లాస్కులో పోసుకుని నేనే వెళ్ళాను.