కొబ్బరిబోండాం కొట్టేముందు డాక్టరును అడగండి

జబ్బుపడిన బిడ్డను చూడబోయేవారు రెండు కొబ్బరిబోండాలు పట్టుకెళ్ళడం కృష్ణా డెల్టాలో మర్యాద. దివిసీమ నుంచి, ఉయ్యూరు నుంచి విజయవాడ ఆస్పత్రులకు వచ్చే చుట్టాల సంచుల్లో బోండాలు, అరటిపళ్ళు ఉండనే ఉంటాయి. మామూలు జ్వరానికైతే తప్పులేదు. మూత్రపిండాలు హఠాత్తుగా దెబ్బతిని, మూత్రం తగ్గిపోయిన బిడ్డకు మాత్రం ఆ నీళ్ళే ప్రాణం మీదికి తేవచ్చు.

పెద్ద గ్లాసుడు కొబ్బరినీళ్ళలో సుమారు 400 నుంచి 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఒంటికి ఎక్కువైనది మూత్రంలో పోవాలి. ఆ దారి మూసుకుపోతే రక్తంలోనే పేరుకుని గుండె లయ తప్పుతుంది. ఒక్కోసారి గుండె ఆగిపోతుంది కూడా. అరటిపండుతోనూ, పళ్ళరసాలతోనూ ఇదే భయం.

వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు ఇంకిపోయినా, ఒళ్ళంతా చీము విషం పాకినా, రక్తపింజర కరిచినా పిల్లల మూత్రపిండాలు ఇలా దెబ్బతినవచ్చు. 2018 వానాకాలంలో దివిసీమను హడలగొట్టిన పాముకాట్లను అక్కడి రైతులు మరచిపోలేదు. అయితే సకాలంలో వైద్యం అందితే చాలామంది పిల్లల్లో మూత్రపిండాలు మళ్ళీ పనిలో పడతాయి. అందాకా బిడ్డ ఒంట్లో సత్తువ నిలవాలి.

ఇక్కడే పెద్దవాళ్ళు రెండో పొరపాటు చేస్తారు. 'కిడ్నీ జబ్బు గదా, పప్పు వద్దు, గుడ్డు వద్దు' అంటూ పథ్యం పేరిట కడుపు మాడుస్తారు. తిండి లేకపోతే శరీరం తన కండనే కరిగించుకుంటుంది. ఆ కరిగిన కండలోని మలినాలు, పొటాషియం తిరిగి రక్తంలోకే చేరతాయి. పస్తు పెట్టి సాధించేది ఇదీ!

ప్రమాదస్థితిలో ఉన్న పిల్లలకు ఒకటి రెండు రోజుల్లోనే ఆహారం మొదలుపెట్టాలనీ, కిలో బరువుకు రోజుకు కనీసం 1.5 గ్రాముల మాంసకృత్తులు అందాలనీ 2017లో అమెరికా వైద్య, పోషకాహార సంఘాలు సూచించాయి. 15 కిలోల బిడ్డకు ఇది దాదాపు నాలుగు గుడ్లలో ఉన్నంత. అలాగని గుడ్లే పెట్టమని కాదు. ఏ రూపంలో, ఎంత ఇవ్వాలో డాక్టరే లెక్కకడతారు. బిడ్డ తినలేకపోతే ముక్కుగొట్టం ద్వారా ఇస్తారు. గొట్టం చూసి తల్లులు బెంబేలెత్తుతారు గానీ, అది అన్నం పెట్టే చెయ్యే. డయాలసిస్ చేస్తుంటే మాంసకృత్తులు కొంత కొట్టుకుపోతాయి గనుక ఇంకా ఎక్కువ కావాలి.

నీళ్ళకూ లెక్క ఉంది. బిడ్డ పోసిన మూత్రాన్ని కొలిచి, దాన్నిబట్టి ఎన్ని నీళ్ళివ్వాలో చెబుతారు. నర్సు చూడకుండా చెంచాడు గంజి పట్టినా ఆ లెక్క తప్పుతుంది. తెచ్చిన బోండాలు పారేయనక్కరలేదు. రాత్రంతా మంచం పక్కన కూర్చున్న తల్లిచేత తాగించవచ్చు.