మందుల షాపులో స్వార్థం

ఐన్ ర్యాండ్‌ను చాలామంది కాలేజీ హాస్టల్లో ఉండగా చదువుతారు. నాకు ఆవిడ పుస్తకాలు నలభై దాటాక చేతికొచ్చాయి. అప్పటికే తెనాలిలో మందుల షాపు, ఇద్దరు పిల్లలు, చిరిగిన అరువు ఖాతా, బంధువుల చీటీలకు పెట్టిన షూరిటీ సంతకాలు అన్నీ ఉన్నాయి. ఇరవై ఏళ్ల కుర్రాడు ఆవిడను చదివి హీరో అయిపోదామనుకుంటాడు. నాలాంటివాడు చదివి ఖాతా పుస్తకం తిరగేస్తాడు.

ఆవిడ 1905లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టింది. తండ్రిదీ మందుల షాపే. నాకు ఆసక్తి మొదలైంది అక్కడే! విప్లవం వచ్చాక బోల్షివిక్కులు ఆ షాపును ప్రజల పేరుతో స్వాధీనం చేసుకున్నారు. 1926లో ఆమె అమెరికా చేరింది. ఫౌంటెన్‌హెడ్, అట్లాస్ ష్రగ్డ్ నవలలు రాసింది. 1964లో వచ్చిన వ్యాస సంపుటికైతే, స్వార్థం ఒక సుగుణమని అట్ట మీదే వేయించింది.

సొంత లాభం కొంత మానుకోమన్న గురజాడ దేశభక్తి గేయం పాడుకుంటూ పెరిగిన మనకు ఇది ఓ పట్టాన మింగుడుపడదు. కానీ ఆవిడ చెప్పింది దోచుకోమని కాదు. ఇతరుల కోసం నిన్ను నువ్వు బలిచ్చుకోకు, నీ కోసం ఇతరులను బలి తీసుకోకు అంది. ఆవిడను తిట్టేవాళ్లూ, పొగిడేవాళ్లూ కూడా ఈ రెండో సగాన్ని మర్చిపోతారు. ఏది నా మేలో తేల్చాల్సింది కోరిక కాదు, బుద్ధి అన్నది ఆవిడ షరతు.

షాపులో ఇది రోజూ ఎదురయ్యేదే. ‘మొన్నటి మాత్రలే ఇవ్వండి’ అంటూ డాక్టరు చీటీ లేకుండా ఖరీదైన యాంటీబయాటిక్ అడుగుతారు. ఇలాంటి కొన్ని యాంటీబయాటిక్‌లున్న షెడ్యూల్ హెచ్1 జాబితా మందులకు 2014 మార్చి నుంచి డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. అవేమీ లేకుండా అమ్మితే ఆ పూటకు లాభమే. కానీ లైసెన్సు పోతే? మందులకు లొంగని క్రిములు ఊరంతా పాకి రేపు మా పిల్లలకే సోకితే? లాభం లెక్క సాయంత్రం గల్లాపెట్టె దగ్గర ఆగకూడదన్నది నాకు అర్థమైన ర్యాండ్.

షూరిటీ సంగతీ అంతే. ‘ఒక్క సంతకమే కదా బావా, నీ జేబులోంచి ఏం పోతుంది?’ అంటారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం అసలు బాకీదారుకు ఎంత బాధ్యతో హామీదారుకూ మామూలుగా అంతే. చీటీ పాట పాడుకున్నవాడు వాయిదాలు ఎగ్గొడితే నా దగ్గరికే రావచ్చు. మొహమాటానికి పోతే ఏమవుతుందో మన సామెత ఉండనే ఉంది, పత్రికలో రాసే రకం కాదు. ఇప్పుడు ముందుగా అడుగుతాను: డబ్బు దేనికి, నెలనెలా ఎక్కణ్నుంచి కడతావు? కొందరు అలిగారు. చెప్పినవాళ్లకు సంతకం పెట్టాను.

ర్యాండ్ సాయం మానేయమంటుందని కొందరి భయం. భార్య జబ్బు నయం చేయించడానికి ఆస్తంతా ఖర్చుపెట్టిన భర్తది త్యాగం కాదంటుంది ఆవిడ. ఆమె బతకడమే అతనికి కావాలి కాబట్టి. నాకు లెక్కలు నేర్పిన మాస్టారికి బీపీ మాత్రలు కొన్న ధరకే ఇస్తాను. ఆయన చల్లగా ఉండటం నాకు కావాలి, అంతే.

అయితే ఆవిడ కథానాయకులకు పిల్లలుండరు, మంచాన పడ్డ తల్లిదండ్రులను చూసుకునే బాధ్యతా ఉండదు. అక్కడ నాకు ఆమెతో పేచీ. ఇంకా పెద్ద పేచీ అలన్ గ్రీన్‌స్పాన్ దగ్గర. ర్యాండ్ శిష్యబృందంలో ఒకడైన ఈయన 1987 నుంచి 2006 దాకా అమెరికా ఫెడరల్ రిజర్వ్‌కు అధిపతి. బ్యాంకులు తమ స్వలాభం కోసమైనా వాటాదారుల సొమ్మును జాగ్రత్తగా కాపాడతాయని నమ్మి పొరపడ్డానని ఆర్థిక సంక్షోభం వచ్చాక 2008 అక్టోబరులో అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు ఒప్పుకున్నాడు. తన మేలు తనకు తెలిసినవాడు తప్పు చేయడన్న నమ్మకం అది. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ రాకపోయినా ఊళ్లో షాపులన్నీ రిజిస్టర్ రాస్తాయంటే, ఆ మాటకు మాత్రం నేను షూరిటీ ఉండను.

చదవాలనుకుంటే వెయ్యి పేజీలు దాటిన అట్లాస్ ష్రగ్డ్‌తో మొదలుపెట్టకండి. 1964 సంపుటిలో ఆపద సమయాల నీతి గురించి ఒక చిన్న వ్యాసం ఉంది, భార్య జబ్బు ఉదాహరణ అందులోదే. అది చదివి నచ్చకపోతే అక్కడే ఆపేయండి.