పదిమంది చేయి పడిన గోడ

లండన్‌లో థేమ్స్ నది దక్షిణపు ఒడ్డున, వెస్ట్‌మినిస్టర్ వంతెనకూ లాంబెత్ వంతెనకూ మధ్య, సెయింట్ థామస్ ఆసుపత్రిని ఆనుకుని ఒక పొడవాటి గోడ ఉంది. నదికి అవతలి ఒడ్డున దానికి సరిగ్గా ఎదురుగా బ్రిటన్ పార్లమెంటు. 2021 మార్చి 29న, కోవిడ్‌లో తమవాళ్లను పోగొట్టుకున్న కుటుంబాలు ఎవరి అనుమతీ తీసుకోకుండానే ఆ గోడ మీద ఎర్రటి గుండె బొమ్మలు వేయడం మొదలుపెట్టాయి. మరణ ధ్రువపత్రంలో కోవిడ్ అని రాసి ఉన్న ప్రతి మనిషికీ ఒక బొమ్మ. సుమారు పది రోజుల్లో లక్షా యాభై వేల బొమ్మలు పడ్డాయి, దాదాపు అర కిలోమీటరు పొడవున. తర్వాత మరణాలతోపాటు బొమ్మలూ పెరిగి రెండు లక్షలు దాటాయి. పనితనం మాటకొస్తే చెప్పుకోవడానికేమీ లేదు, బడిపిల్లలెవరైనా గీయగలిగిన బొమ్మే. అయినా మహమ్మారి కాలంలో జనం మనసుకు ఊతమిచ్చిన కళ గురించి ఎవరైనా అడిగితే నేను ముందు ఈ గోడనే చూపిస్తాను. ఆపత్కాలంలో సామూహిక కళ వల్ల కలిగే మేలు బొమ్మ అందంలోనో, అది పంచే ఉల్లాసంలోనో కన్నా, మామూలు మనిషి తానూ అందులో ఒక చేయి వేయగలగడంలోనే ఎక్కువగా ఉంటుందని నా వాదన.

ఉల్లాసానికి అప్పట్లో కొదవ లేదు. 2020 మార్చిలో ఇటలీ అంతా ఇళ్లలో బందీ అయినప్పుడు జనం బాల్కనీల్లోకి వచ్చి పాడారు. అన్నీ సర్దుకుంటాయని రాసి ఇంద్రధనుస్సులు గీసి పిల్లలు కిటికీలకు అంటించారు. ఆ అలవాటు బ్రిటన్‌కూ పాకింది. అమెరికాలోని గెట్టీ మ్యూజియం ఓ సరదా సవాలు విసిరింది. ఇంట్లో దొరికే దుప్పట్లు, గిన్నెలు, కూరగాయలతో ప్రసిద్ధ చిత్రాలను అనుకరించి ఫొటో తీసి పంపమంది. నెదర్లాండ్స్‌లో ఒక ఇన్‌స్టాగ్రామ్ ఖాతా మొదలుపెట్టిన ఆటే దానికి మూలం. వీటిని చిన్నచూపు చూడనక్కర్లేదు. పిల్లవాడు గీసి కిటికీకి అంటించిన బొమ్మలో కూడా ఆ పిల్లవాడి చేయి ఉంది. అయితే ఇదే వరసలో వచ్చిన చప్పట్ల కథ వేరేగా ముగిసింది. మన దగ్గర మార్చి 22 సాయంత్రం 5 గంటలకు కంచాలు మోగాయి. బ్రిటన్‌లో మార్చి 26 నుంచి వరసగా పది గురువారాలు రాత్రి 8 గంటలకు వైద్య సిబ్బంది కోసం చప్పట్లు కొట్టారు. పోనుపోనూ అది రాజకీయంగా మారుతోందంటూ, దాన్ని మొదలుపెట్టిన మహిళే ఇక చాలిద్దామంది. మరుసటి ఏడాది అక్కడి ప్రభుత్వం నర్సులకు ఒక్క శాతం జీతం పెంపు ప్రతిపాదించినప్పుడు, ఆ చప్పట్లనే గుర్తుచేసి జనం నిలదీశారు. గడియారం చూసుకుని అందరూ ఒకే పని చేయాల్సిన చోట ఒక్కో మనిషి తనదైనదేదీ పెట్టలేడు. గోడ దగ్గరైతే తన మనిషి పేరు తానే రాసుకోవచ్చు.

పేరు రాసుకోవడం ఎందుకంత పెద్ద విషయమైందో తెలుగువాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు. చావు జరిగిన ఇంటికి పదిమంది వచ్చి కూర్చోవడం, పరామర్శించడం, పోయినవాళ్ల గురించి నాలుగు మాటలు చెప్పుకోవడం మన దగ్గర దుఃఖాన్ని మోసే పద్ధతి. కోవిడ్ కాలంలో అంత్యక్రియలకు ఇరవై మందికి మించి రాకూడదన్నారు. ఆ ఇరవై మందైనా రాలేని ఇళ్లెన్నో. బ్రిటన్‌లోనూ అలాంటి ఆంక్షలే ఉండేవి. ఆగిపోయిన ఆ పరామర్శకు గోడ ఒక చోటు చూపించింది. ఇలాంటిది అంతకు ముందూ జరిగింది. ఎయిడ్స్ విజృంభించిన 1980లలో అమెరికాలో ఆ జబ్బుతో పోయినవాళ్ల పేరు చెప్పుకోవడానికే కుటుంబాలు వెనకాడేవి. శవాన్ని ముట్టడానికి చాలా అంత్యక్రియల సంస్థలు ఒప్పుకునేవి కావు. అప్పుడు స్నేహితులూ బంధువులూ మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, అంటే సమాధి కొలతలో, గుడ్డ మీద పేరు కుట్టడం మొదలుపెట్టారు. 1987 అక్టోబర్ 11న వాషింగ్టన్ నడిబొడ్డున అలాంటి 1,920 గుడ్డలు పరిచారు. ఇప్పుడవి యాభై వేల దాకా ఉన్నాయి. వాటిని కుట్టినవాళ్లందరూ కుట్టుపనిలో చేయి తిరిగినవాళ్లు కారు.

ఇదంతా మాటలకు బాగానే ఉంటుంది, రుజువేదని అడిగేవాళ్లుంటారు. అడగాల్సిందే. అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గిరిజా కైమల్ బృందం 2016లో ప్రచురించిన పరిశోధనలో 39 మంది పెద్దలకు రంగులు, మట్టి, కాగితాలు ఇచ్చి 45 నిమిషాలు ఏదైనా చేసుకోమన్నారు. ముందూ తర్వాతా లాలాజలం పరీక్షిస్తే, ఒత్తిడికి గుర్తుగా చెప్పే కార్టిసోల్ దాదాపు ముప్పావు వంతు మందిలో తగ్గింది. అంతకుముందు బొమ్మలు వేసిన అనుభవం ఉన్నా లేకున్నా ఒకటే. అయితే ఇది చిన్న పరీక్ష, పోల్చి చూడటానికి రెండో బృందం కూడా లేదు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించిన సమీక్ష మూడు వేలకు పైగా అధ్యయనాలను పరిశీలించి, కళలకూ ఆరోగ్యానికీ సంబంధం ఉందనే చెప్పింది. కానీ ఆ అధ్యయనాలన్నీ ఒకే నాణ్యతవి కావు. పైగా ఇలాంటి పనులకు పూనుకునేవాళ్లు మొదటినుంచీ కాస్త ధైర్యంగా, తీరికగా ఉన్నవాళ్లు కావచ్చు. కాబట్టి కళ రోగాన్ని నయం చేస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. చేసేవాళ్లకు నేర్పు అక్కర్లేదన్న మాటనైతే ఈ ఆధారాల మీద నిలబడి అనవచ్చు. నా వాదనకు అంత చాలు.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం మరొకటుంది. ఆక్సిజన్ లేక జనం పోతుంటే రంగులేమిటి, ప్రభుత్వాల వైఫల్యాన్ని కప్పిపుచ్చే ముసుగు కాదా అని. పైనుంచి వచ్చిన కార్యక్రమాల విషయంలో ఈ అనుమానం సబబే. లండన్ గోడ మాత్రం పార్లమెంటుకు ఎదురుగా ఎందుకుందో ఆలోచించాలి. ఆ బొమ్మలు వేసిన కుటుంబాలే ప్రభుత్వం మీద బహిరంగ విచారణ జరగాలని పోరాడుతూ వచ్చాయి. వాషింగ్టన్‌లో 2021 సెప్టెంబరులో ఆరు లక్షలకు పైగా తెల్లజెండాలు నాటినప్పుడూ, అదంతా నివాళి మాత్రమేనని ఎవరూ అనుకోలేదు. ఎవరి ఇంట్లో వాళ్లు ఏడ్చుకున్నంతకాలం మరణాలు ఒక అంకెగానే ఉంటాయి. బయటికొచ్చి వరసగా కనబడితే ఆ అంకెకు జవాబు చెప్పాల్సినవాళ్లుంటారు. కళాకారుల బతుకుతెరువు సంగతి వేరే. జాతరలు, సంతలు మూతపడ్డ రెండేళ్లలో వాళ్లకు కావలసింది కూలి. వాళ్లను ఉచితంగా ఆడమని, పాడమని పిలిచి దానికి సామూహిక కళ అని పేరు పెట్టడం అన్యాయం.

పాతకాలపు మహమ్మారులూ ఇలాంటి ఆనవాళ్లను వదిలివెళ్లాయి. జర్మనీలోని ఒబెరామెర్గావ్ గ్రామం 1633లో ప్లేగు సోకినప్పుడు, బతికి బయటపడితే క్రీస్తు చివరి రోజుల నాటకం ఆడతామని మొక్కుకుంది. 1634 నుంచి ఊరివాళ్లే ఆడుతున్నారు, సాధారణంగా పదేళ్లకోసారి. 2020లో ఆడాల్సింది కోవిడ్ వల్ల 2022కు వాయిదా పడింది. ఒక మహమ్మారి మొక్కుకు మరో మహమ్మారి అడ్డు రావడమంటే ఇదే. సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి బోనాల వెనకా 1813 నాటి మహమ్మారి, ఒక సైనికోద్యోగి మొక్కు ఉన్నాయని చెబుతారు. పసుపు, కుంకుమ పూసి వేపాకులు కట్టిన కుండను అలంకరించడం ఏ చిత్రకారుడికో అప్పగించే పని కాదు. ఎవరింటి బోనం ఆ ఇంటి ఆడవాళ్లే సిద్ధం చేస్తారు.

లండన్ గోడ మీద మొదట వాడిన రంగు ఎండకూ వానకూ గులాబీ రంగుకు తిరిగి, రాసిన పేర్లు మాసిపోతూ వచ్చాయి. వాలంటీర్లు ప్రతి శుక్రవారం వచ్చి, గోడలకు వేసే గట్టి రంగుతో మళ్లీ దిద్దుతున్నారు. చెక్కుచెదరని రాయి మీద చెక్కించి ఉంటే ఈ బాధ ఉండేది కాదనడం నిజమే, శుక్రవారాలూ ఉండేవి కావు. మన పట్టణాల్లో మున్సిపాలిటీలు గోడలకు బొమ్మలు వేయిస్తూనే ఉన్నాయి. కాంట్రాక్టరు వస్తాడు, చిత్రకారులు చక్కగా వేసి వెళతారు, దారినపోయేవాళ్లు చూస్తారు. అందులో తప్పులేదు. ఈసారి ఏ ఆపదైనా వచ్చినప్పుడు మాత్రం ఆ గోడలో సగం ఖాళీగా వదిలి, ఒక బకెట్టు రంగూ నాలుగు కుంచెలూ పక్కన పెడితే, కాంట్రాక్టుకన్నా చాలా తక్కువ ఖర్చవుతుంది.