పోస్టర్‌లో కొండంత.. తెరపై గోరంత

పోస్టర్ నిండా ఒకే తార ముఖం. పేరు కూడా అందరికంటే పైన, పెద్ద అక్షరాల్లో. తీరా చిత్రం చూస్తే ఆ తార కనిపించేది ఒక్క సన్నివేశంలోనే. టిక్కెట్టు కొన్న ప్రేక్షకుడికి ఇది నిరాశే. పాత పోస్టర్లను సేకరించే అభిరుచి ఉన్నవారికి మాత్రం ఇదొక విలువైన ఆధారం. అటువంటి పోస్టర్ చిత్రం గురించి అబద్ధం చెప్పవచ్చు. తాను ముద్రితమైన కాలం గురించి మాత్రం నిజమే చెబుతుంది. ఆ నిజాన్ని చదవడం తెలియకపోతే పునర్విడుదల పోస్టర్‌ను తొలి విడుదల పోస్టర్‌గా భ్రమించి సొమ్ము పోగొట్టుకునే ప్రమాదం ఉంది. ఈ విషయంలో పేరుమోసిన హాలీవుడ్ ఉదంతాలు, సేకర్తలు గమనించాల్సిన అంశాలు ఇవి..

నిమిషం పాత్రకు అగ్రతాంబూలం

మార్క్స్ సోదరుల హాస్య చిత్రం 'లవ్ హ్యాపీ' 1949 నాటిది. అందులో డిటెక్టివ్ పాత్రధారి గ్రౌచో మార్క్స్ వద్దకు ఒక యువతి వచ్చి, తనను ఎవరో వెంబడిస్తున్నారని చెప్పి వెళ్లిపోతుంది. ఆ సన్నివేశం నిడివి సుమారు నిమిషం. ఆ యువతే మార్లిన్ మన్రో. అప్పటికి ఆమె ఎవరో ప్రేక్షకులకు తెలియదు. 1953లో 'నయాగరా', 'జెంటిల్‌మెన్ ప్రిఫర్ బ్లాండ్స్' చిత్రాలతో ఆమె అగ్రతార అయింది. ఆ వెంటనే 'లవ్ హ్యాపీ' మళ్లీ విడుదలైంది. ఈసారి పోస్టర్లలో మన్రోకు పెద్దపీట వేశారు. చిత్రం మారలేదు, పాత్ర పెరగలేదు. మారినదల్లా తార గిరాకీ మాత్రమే.

రోజర్ కోర్మన్ 1960లో తీసిన 'ది లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్'దీ ఇదే కథ. ప్రధాన పాత్రధారులు జొనాథన్ హేజ్, జాకీ జోసెఫ్, మెల్ వెల్స్. పళ్ల వైద్యుడి వద్దకు వచ్చి, నొప్పిని ఆనందంగా అనుభవించే రోగిగా జాక్ నికల్సన్ కాసేపు కనిపిస్తాడు. నికల్సన్ పెద్ద నటుడయ్యాక వెలువడిన వీడియో క్యాసెట్ల అట్టలపై ఆయన పేరు, ముఖం ముందుకొచ్చాయి. ఈ చిత్రానికి అమెరికాలో కాపీరైట్ రక్షణ లేకపోవడంతో ఎవరికి వారే క్యాసెట్లు తీసుకువచ్చారు. ఎవరికి నచ్చిన అట్ట వారు వేసుకున్నారు.

తొలి విడుదలలోనే తిరకాసు

పక్కదారి పట్టించే పోస్టర్లన్నీ పునర్విడుదలవే అనుకుంటే పొరపాటు. 'డ్రాక్యులా' (1931)తో ఖ్యాతి గడించిన బేలా లుగోసీ పేరును యూనివర్సల్ సంస్థ తొలి విడుదలల్లోనే ఇలా వాడుకుంది. 'నైట్ మాన్‌స్టర్' (1942)లో మొదటి పేరు ఆయనదే. పోషించినది మాత్రం ఆ ఇంటి సేవకుడి పాత్ర. 'బ్లాక్ ఫ్రైడే' (1940)లో బోరిస్ కార్లోఫ్, లుగోసీల పేర్లు జంటగా వేశారు. ఇద్దరు భయానక తారలూ ఢీకొంటారని ఆశించిన ప్రేక్షకులకు వారిద్దరూ కలిసి ఉన్న సన్నివేశం ఒక్కటీ దొరకదు. ఆచార్యుడిగా, నేరస్థుడిగా రెండు రూపాల్లో కథను నడిపించినది స్టాన్లీ రిడ్జెస్. ఆయన పేరు నేడు గుర్తున్నవారు అరుదు.

ఎత్తు తగ్గితే ఎడమవైపు..

పేర్ల వరుస, అక్షరాల పరిమాణం నటుల ఒప్పందాల్లో ముందుగానే నిర్ణయమవుతాయి. 'ది టవరింగ్ ఇన్ఫెర్నో' (1974)లో స్టీవ్ మెక్వీన్, పాల్ న్యూమన్ ఇద్దరూ అగ్రనటులే. పోస్టర్‌పై మెక్వీన్ పేరును ఎడమవైపు కాస్త కిందుగా, న్యూమన్ పేరును కుడివైపు కాస్త ఎత్తుగా వేశారు. ఎడమ నుంచి చదివితే ఒకరు, పైనుంచి చదివితే మరొకరు ముందుంటారు. ఇటువంటి బేరం చేయగల స్థోమత చిన్న నటులకు ఉండదు. పోస్టర్‌పై పేరు చిన్నదైనంత మాత్రాన పాత్ర చిన్నదని భావించరాదు.

వివాదమైన పోస్టర్లు

కొన్నిసార్లు ఇది అపహాస్యం కాదు, అన్యాయం. 1841లో అపహరణకు గురై పన్నెండేళ్లు బానిసగా మగ్గిన నల్లజాతీయుడు సోలమన్ నార్తప్ జీవితమే 'ట్వెల్వ్ ఇయర్స్ ఎ స్లేవ్' (2013). ఆ పాత్రధారి చివెటెల్ ఎజియోఫోర్. ఇటలీలో వెలువడిన కొన్ని పోస్టర్లపై మాత్రం శ్వేతజాతి నటులు బ్రాడ్ పిట్, మైకేల్ ఫాస్‌బెండర్ ముఖాలు భారీగా పరచుకున్నాయి. కథానాయకుడు ఓ మూల చిన్న బొమ్మగా మిగిలాడు. పిట్‌ది చివర్లో వచ్చే చిన్న పాత్ర. విమర్శలు చెలరేగడంతో, అవి అనుమతి లేని పోస్టర్లని ప్రకటించి వెనక్కి తీసుకున్నారు. ఒక మనిషి ఆత్మకథ నుంచి ఆ మనిషినే పక్కకు నెట్టిన తీరుకు ఈ పోస్టర్లు సాక్ష్యాలు.

కొనే ముందు..

* అమెరికా పోస్టర్లకు అడుగు అంచే జాతకం. 1940 ప్రాంతం నుంచి 1980ల వరకు 'నేషనల్ స్క్రీన్ సర్వీస్' పంపిణీ చేసిన వాటిపై అక్కడ ఒక సంఖ్య ఉంటుంది. గీతకు ముందున్న రెండు అంకెలు సంవత్సరాన్ని తెలుపుతాయి. వాటికి ముందు ఆంగ్ల అక్షరం 'ఆర్' ఉంటే అది పునర్విడుదల పోస్టర్.

* చిత్రం వచ్చిన ఏడాది, తార వెలుగులోకి వచ్చిన ఏడాది పోల్చుకోవాలి. అనామకంగా ఉన్న కాలంలోనే తార ముఖం పెద్దగా కనిపిస్తే అనుమానించాలి.

* ఆ కాలపు ప్రామాణిక పోస్టర్ కొలత 27, 41 అంగుళాలు. 1980ల తొలినాళ్ల వరకు వాటిని మడతపెట్టే థియేటర్లకు పంపేవారు. మడత గుర్తులు లోపం కాదు. ఏ మడతా లేని 1950ల పోస్టర్ కనిపిస్తే మరింత జాగ్రత్తగా పరిశీలించాలి.

* అదే చిత్రానికి ఇతర దేశాల్లో వేరే బొమ్మలు, వేరే పేర్ల వరుస ఉండవచ్చు. ఏ దేశపు ముద్రణో తెలుసుకున్నాకే ధర మాట్లాడాలి.

పునర్విడుదల పోస్టర్ పనికిరానిదేమీ కాదు. దానిని అదిగానే గుర్తించి, అందుకు తగిన ధరకే కొనాలి. వీలైతే తొలి పోస్టర్‌నూ సంపాదించి రెంటినీ పక్కపక్కనే ఉంచితే ఒక తార ఎదుగుదల కళ్లకు కడుతుంది. విడుదలైన ఏడాది, ముద్రించిన ఏడాది, అసలు ప్రధాన నటుల పేర్లు విడి కాగితంపై రాసి జతచేయడం మంచి అలవాటు. పోస్టర్ మింగేసిన పేర్లు కనీసం ఆ కాగితంపైనైనా నిలుస్తాయి.